కడుపు మాడ్చుకుంటే పరువు దక్కదు తమ్ముడూ

చెన్నై పెరుంగుడి నుంచి ఒక తమ్ముడు రాశాడు. పేరు వద్దన్నాడు. పెద్ద ఉత్తరం, కుదించి ఇస్తున్నాను.

"అన్నా, నాకు 33 ఏళ్ళు. మాది నెల్లూరు దగ్గర పల్లె. రెండేళ్ళ క్రితం బైక్ యాక్సిడెంట్‌లో డి10 దగ్గర, అంటే ఛాతీ వెనకుండే పూసల్లో పదోదాని దగ్గర, వెన్నుపూస విరిగింది. నడుం కింద స్పర్శ లేదు, వీల్‌చైర్ మీదే ఉంటాను. చేతులు బాగానే పనిచేస్తాయి. ఇన్నాళ్ళూ ఇంటి నుంచే పని, వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మంటున్నారు. నా బాధంతా మోషన్ గురించే. ఆదివారం నా భార్య ఎనిమా ఇస్తే అవుతుంది, మిగతా రోజుల్లో నాకు తెలియకుండానే కొంచెం కొంచెం నీళ్ళలాగా కారుతోంది. మెడికల్ షాపులో చెప్తే విరేచనాలు ఆగే బిళ్ళలిచ్చారు, వాటితోనూ ఆగట్లేదు. అందుకే రాత్రి అన్నం మానేశాను. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కాస్త పెరుగన్నం, అంతే. నీళ్ళు కూడా తగ్గించాను. ఇంకా తగ్గిస్తే ఆఫీసులో పరువు పోకుండా ఉంటుందా? నా భార్య ఏమీ అనదు కానీ, ఆదివారం వస్తోందంటే శనివారం నుంచే ఇద్దరం మాట్లాడుకోవడం మానేస్తున్నాం. సంక్రాంతికి ఊరు వెళ్ళాలని ఉంది, అక్కడ ఇండియన్ టాయిలెట్టే. వెళ్ళొచ్చంటావా?"

తమ్ముడూ, ముందు సూటిగా జవాబు. తిండి తగ్గించకు. ఇవాళ రాత్రి అన్నం తిను. ఆ విరేచనాలు ఆగే బిళ్ళలు ఆపెయ్. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు. ఈ సంగతి మనకి ఆసుపత్రిలో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ. నన్ను డిశ్చార్జి చేసిన రోజు మందుల చీటీ ఇచ్చారు, వ్యాయామాల కాగితం ఇచ్చారు, మోషన్ సంగతి అడిగితే "ఇబ్బందైతే సిరప్ తాగండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

నేను డాక్టరుని కాను. నాదీ వెన్ను దెబ్బే, డి8, పదహారేళ్ళయింది, పెరంబూరులో ఉంటాను. కాబట్టి మందు పేరు వచ్చిన ప్రతిచోటా మీ డాక్టరుని అడిగే చెయ్యి.

నీకు కారుతున్నది విరేచనాలు కాకపోవచ్చు. నాకైతే అది మలబద్ధకంలా ఉంది. వింతగా అనిపిస్తుంది గానీ, నవంబరు వానల్లో మన వీధి కాలవ చూశావుగా, ప్లాస్టిక్ కవర్లూ మట్టీ అడ్డం పడితే మురుగు పూర్తిగా ఆగిపోదు, పక్కనించి సన్నగా పారుతూనే ఉంటుంది. పేగులోనూ అంతే. పెద్దపేగు పనే నీళ్ళు పీల్చుకోవడం, మలం లోపల ఎన్ని రోజులుంటే అంత ఎండిపోయి గట్టిపడుతుంది. వారమంతా ఉండిపోయినది గడ్డకట్టి కూర్చుంటే, పైనించి వచ్చే పల్చటిది దాని పక్కనించి జారి బయటికొస్తుంది, నీకేమో స్పర్శ లేదు కాబట్టి ప్యాంటు తడిసేదాకా తెలియదు. మెడికల్ షాపతను కారుతోందన్న మాటొక్కటే విని బిళ్ళలిచ్చాడు, అవి చేసే పని పేగు కదలికని ఇంకా మందం చెయ్యడం. అడ్డం పడ్డ కాలవలో ఇంకో తట్ట మట్టి పోసినట్టు.

ఇది ఉత్తరం చదివి నేననుకున్నది. తేల్చాల్సింది డాక్టరు, వేలితో పరీక్ష చేసి, అవసరమైతే పొట్ట ఎక్స్‌రే తీయించి. ఈ వారంలోనే వెళ్ళు. గడ్డ నిజంగా ఉంటే ముందు దాన్ని ఖాళీ చేయించుకోవాలి, మిగతాదంతా ఆ తరవాతే. అప్పటిదాకా పీచు పేరుతో ఇసబ్గోల్ లాంటివి మొదలుపెట్టకు, ఊళ్ళోవాళ్ళు చెప్పారని ఆముదం అసలే తాగకు. పొట్ట ఉబ్బి బిగుసుకుపోయినా, వాంతులైనా, గాలి కూడా పోకపోయినా, జ్వరం వచ్చినా, రక్తం పడినా తెల్లారేదాకా చూడొద్దు, ఎమర్జెన్సీకి వెళ్ళిపో. మనకి కడుపునొప్పి సరిగ్గా తెలియదు. వేరేవాళ్ళు మెలికలు తిరిగిపోయే పరిస్థితిలో మనకి ఆకలి చచ్చిపోవడం, చెమటలు, కాళ్ళు ఉన్నట్టుండి బిగుసుకుని ఎగరడం, ఇంతే కనిపించొచ్చు.

ఇక తిండి. పసిపిల్లలు పాలు తాగుతూ తాగుతూనే కానిచ్చేస్తారు, చూశావుగా? పొట్టలో ఆహారం పడగానే పెద్దపేగు కదులుతుంది, అది పుట్టుకతో వచ్చిన ఏర్పాటు. వెన్నుపాము దెబ్బతిన్నాక అది కొంత మందగిస్తుంది కానీ చాలామందిలో ఇంకా పనికొస్తుంది. మన చేతిలో మిగిలిన కొద్దిపాటి పనిముట్లలో అదొకటి. నువ్వు అన్నం మానేసి ఆ పనిముట్టునే అవతల పారేస్తున్నావు. పైగా తిండి తగ్గితే మలం తగ్గుతుంది, తక్కువ మలాన్ని పేగు ముందుకు తోయలేదు, అది అక్కడే ఎండుతుంది, ఇంకా కారుతుంది, నువ్వు ఇంకా తగ్గిస్తావు. నీళ్ళు తగ్గించినా అదే కథ, దానికి తోడు యూరిన్ ఇన్ఫెక్షన్. గట్టిపడ్డ మలంతో నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కి యూరిన్ కూడా లీకయ్యేలా చేస్తుందని నీకెవరైనా చెప్పారా? నాకు మూడేళ్ళదాకా చెప్పలేదు. రెండూ వేరువేరు జబ్బులనుకుని ఇద్దరు డాక్టర్ల చుట్టూ తిరిగాను.

లోపల జరిగేది ఇది. మెదడు నుంచి కిందికి వచ్చే మెయిన్ లైను నీకు డి10 దగ్గర తెగింది. కానీ వెన్నుపాము చివర ఇన్వర్టర్ లాంటి నరాల కేంద్రం ఒకటుంది, నీ ఎత్తులో దెబ్బ తగిలినవాళ్ళకి చాలావరకు అది బాగానే ఉంటుంది. నీ మాట అది వినదు. ఎప్పుడు రావాలో, ఎప్పుడు ఆగాలో నువ్వు చెప్పలేవు. మలద్వారం కండరం దానంతటది బిగుసుకుని ఉంటుంది. అయితే లోపలి గోడని తాకితే ఆ కండరం వదులై పేగు తోస్తుంది. మందూ మాకూ కాదు, రిఫ్లెక్స్. డాక్టర్లు మోకాలి కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగురుతుందే, అలాంటిదే. ఈ ఏర్పాటుకి మాటలు అర్థం కావు, బతిమాలినా తిట్టినా లాభం లేదు, అది నేర్చుకునేది ఒక్కటే: టైము. రోజూ ఒకే వేళకి, ఒకే పద్ధతిలో పిలిస్తే కొన్ని వారాలకి ఆ వేళకి వస్తుంది, మిగతా ఇరవై మూడు గంటలు చాలావరకు నీ జోలికి రాదు. నీకు కావలసిన పరువు అక్కడుంది.

వెన్నుపాము మరీ కింద, నడుం దగ్గర దెబ్బతిన్నవాళ్ళు కూడా ఇది చదువుతుంటే మీకో మాట. మీలో ఆ ఇన్వర్టరే పోయి ఉండొచ్చు, కండరం వదులుగా ఉంటుంది, వేలితో తాకినా, సపోజిటరీ, అంటే మలద్వారంలో పెట్టే మందుబిళ్ళ, పెట్టినా పెద్దగా స్పందన ఉండదు. మీరు రోజుకి ఒకటి రెండుసార్లు వేలితో తీసుకోవాల్సి వస్తుంది, మలం మరీ మెత్తగా కాకుండా కాస్త గట్టిగా ఉండేలా చూసుకోవాలి. మీది వేరే లెక్క, కింద రాసేది గుడ్డిగా చెయ్యకండి.

ఇప్పుడు తమ్ముడూ, పని ఎలా చేసుకోవాలో. సిగ్గుపడకుండా రాస్తున్నాను, నువ్వూ సిగ్గుపడకుండా చదువు.

ముందు వేళ ఎంచుకో. పొద్దుటే మంచిది, రాత్రంతా ఊరుకున్న పేగు లేచీ లేవగానే చురుగ్గా ఉంటుంది. కానీ నువ్వు ఎనిమిదింటికి క్యాబ్ ఎక్కాలి అంటే, ఐదింటికి లేవగలవా? లేవలేకపోతే రాత్రి భోజనం తరవాత పెట్టుకో, ఏం ఫర్వాలేదు. వేళ మంచిదా చెడ్డదా అనేదానికంటే ఆదివారమూ పండగా లేకుండా అదే వేళకి కూర్చోగలవా అన్నదే లెక్క. నాది పొద్దున ఐదున్నర. ఐదింటికి ఫిల్టర్ కాఫీ, రెండు బిస్కెట్లు. వేడివేడిగా ఏదో ఒకటి కడుపులో పడాలి, ఆ తరవాత ఇరవై నిమిషాలకో అరగంటకో మొదలుపెట్టాలి. కాఫీ పడనివాళ్ళకి వేడి నీళ్ళైనా చాలు. మొదట్లో రోజూ చెయ్యి, కుదురుకున్నాక డాక్టరుతో మాట్లాడి రోజు విడిచి రోజు చేసుకోవచ్చు. నీలా ఆదివారం నుంచి ఆదివారం దాకా మాత్రం వద్దే వద్దు.

మంచం మీద ఎడమ పక్కకి తిరిగి పడుకో. పెద్దపేగు చివరి భాగం ఎడమవైపు ఉంటుంది, అందుకని. గోళ్ళు పూర్తిగా కత్తిరించుకుని ఉండాలి, ఉంగరం తీసెయ్యాలి, గ్లోవ్ వేసుకుని వేలికి జెల్లీ బాగా పట్టించాలి. మెల్లిగా లోపల చూసుకుని, అందేంత దూరంలో మలం ఉంటే దాన్ని తీసేసి, ఆ తరవాత సపోజిటరీ పెట్టు. డాక్టర్లు మామూలుగా రాసేది బిసాకొడిల్ పది మిల్లీగ్రాములది. అది పేగు గోడకి ఆనాలి. నేను మొదటి ఏడాదంతా దాన్ని తిన్నగా మలంలోకి గుచ్చేసి, మందు పనిచెయ్యట్లేదని కంపెనీని తిట్టుకున్నాను. మలం మధ్యలో ఇరుక్కున్న సపోజిటరీ అక్కడే కరిగిపోతుంది, గోడకి తగలదు, డబ్బులు దండగ. ఇంకోటి, మే నెలలో చెన్నై ఎండకి ఇవి మెత్తబడి చేతికే అంటుకుపోతాయి. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపులో గుడ్ల అరకి పైన వాటికో స్టీలు డబ్బా ఉంటుంది, దానిమీద మా ఆవిడ మార్కర్‌తో పెద్ద ఇంటూ గుర్తు పెట్టింది, చుట్టాలెవరైనా చాక్లెట్లనుకుంటారేమోనని.

పావుగంటా ఇరవై నిమిషాల తరవాత కమోడ్ చైర్, అంటే సీటు మధ్యలో కన్నం ఉన్న కుర్చీ, మీదికి మారు. కూర్చుంటే బరువు కిందికి సాయం చేస్తుంది. అరచేత్తో పొట్టని రాయి, కుడివైపు కింద మొదలుపెట్టి పైకి, అడ్డంగా ఎడమవైపుకి, అక్కణ్ణించి కిందికి. పేగు పోయే దారి అదే. తరవాత జెల్లీ రాసిన వేలు మెల్లిగా లోపలికి పెట్టి, గోడకి ఆనించి గుండ్రంగా తిప్పు, పదిహేను ఇరవై సెకన్లు. కండరం వదులవడం వేలికి తెలుస్తుంది. వేలు తీసెయ్, ఐదు పది నిమిషాలు ఆగు, మళ్ళీ చెయ్యి. తోయకు, గోకకు, తొందరపడకు. రెండుసార్లు వరసగా చేసినా ఏమీ రాకపోతే ఆ పూటకి అయిపోయినట్టే. గ్లోవ్‌కి రక్తం అంటితే ఆపేసి డాక్టరుని అడుగు.

మొత్తం మీద గంట దాటకూడదు. గంటకు పైగా పడుతోందంటే పద్ధతిలో ఏదో మార్చాలని అర్థం. అయితే ఒకసారి ఒకటే మార్చు, మార్చాక కనీసం రెండు వారాలు చూడు. వేళ, మందు, తిండి మూడూ ఒకేసారి మార్చేసి దేనివల్ల ఏమైందో తెలియక తల పట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను. ఒక నోట్‌బుక్ పెట్టుకో, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి అయింది, ఎలా ఉంది, మధ్యలో లీకైందా, అంతే. ఎలా ఉందో రాయడానికి బ్రిస్టల్ చార్టు అని ఒకటుంది, ఏడు బొమ్మలు, ఇంగ్లండు డాక్టర్లు 1997లో అచ్చువేశారు, ఫోన్‌లో దొరుకుతుంది. ఒకటో బొమ్మ మేక పెంటికలు, ఏడోది నీళ్ళు. నువ్వు చూడాల్సింది నాలుగు, నున్నగా మెత్తగా ఉండేది. నా పాత నోట్‌బుక్కులు తిరగేస్తే తొలి మూడు వారాలూ ఒకట్లూ ఏడులే. నాలుగు వచ్చిన రోజున చుట్టూ గుండ్రంగా ఎర్ర ఇంకుతో దిద్దుకున్నాను, పదో తరగతి మార్కుల్లాగా.

ఆ కమోడ్ కుర్చీ గురించి ఒక మాట. గట్టి ప్లాస్టిక్ సీటు వద్దు, స్పర్శ లేని చర్మానికి అరగంట చాలు పుండు పడటానికి. మెత్తటి సీటు, పక్కనో ముందో చెయ్యి పెట్టడానికి ఖాళీ, చక్రాలకి బ్రేకులు, ఇవి చూసి కొను. కొనేముందు టేపు తీసుకుని బాత్రూము తలుపు కొలువు, ఇది మాత్రం మర్చిపోకు! మా పాత అద్దె ఇంటి బాత్రూము తలుపు 24 అంగుళాలు, కుర్చీ 25. పైగా గడప. ఓనరు గడప తీయనివ్వలేదు, ఒక ఏడాదిపాటు మంచం మీదే పని, కింద పాత పేపర్లు పరుచుకుని. అలా అయినా జరుగుతుంది, ఎడమ పక్కకి పడుకునే అంతా కానివ్వొచ్చు, అదేమీ తప్పు పద్ధతి కాదు. పని అయ్యాక శుభ్రంగా కడిగి, తడి లేకుండా తుడిచి, చేతి అద్దంతో వెనక చర్మం చూసుకో. తడీ మలమూ కలిసి ఉన్న చర్మం తొందరగా చెడుతుంది.

ఇదంతా ఎవరు చెయ్యాలి అంటే, నువ్వే. ఇక్కడ కాస్త కటువుగా మాట్లాడతాను. నాకు మొదట్లో మా అమ్మ చేసేది. ఇరవయ్యేడేళ్ళ కొడుకుని పక్కకి తిప్పి, మొహం అటు పెట్టుకుని, పని అయ్యేదాకా వెంకటేశ్వరస్వామిని తలుచుకునేది. నేను గోడకేసి చూసేవాణ్ణి. రిహాబ్ వార్డులో ఒక పెద్దవయసు నర్సమ్మ అది చూసి, అమ్మని బయటికి పంపేసి, గ్లోవ్ నా ఛాతీ మీద పడేసి, "కై ఇరుక్కుల్ల?" అంది. చేతులున్నాయిగా అని. నాకు కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, ఆమె మాత్రం గడియారం చూసుకుంటూ నిలబడింది. ఆ రోజు నాకు గంటన్నర పట్టింది, దుప్పటి పాడైంది. వారం తిరిగేసరికి నలభై నిమిషాలకి వచ్చింది. నీకూ చేతులున్నాయి కదా తమ్ముడూ, పైగా నీ ఉత్తరంలో నువ్వే రాశావు బాగానే పనిచేస్తాయని. మరి ఆ అమ్మాయి చేత ఎందుకు చేయిస్తున్నావు? ఆమె కాదనదు. కాదనలేని మనిషి మీద పని పడేసి, ఆ తరవాత ఇద్దరం మాట్లాడుకోవట్లేదని బాధపడితే ఎలా? మొదటి నాలుగు రోజులు ఆమెని గది బయట ఉండమను, కేకేస్తే వచ్చేంత దూరంలో. జారిపడతావేమోనన్న భయం తీరాక అదీ అక్కర్లేదు. చేతులు సరిగ్గా పనిచెయ్యని వాళ్ళకి వేరొకరి సాయం తప్పదు, అందులో తలవంపు ఏమీ లేదు, కానీ నీ సంగతి అది కాదు. ఆదివారాన్ని ఆమెకి వదిలిపెట్టు. సినిమాకి వెళ్తారో, మాట్లాడుకోకుండానే కూర్చుంటారో, మీ ఇష్టం.

మందుల చీటీ ఒకసారి బయటికి తియ్యి. మూత్రాశయం బిగువు తగ్గడానికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, టోల్టెరోడిన్ లాంటివి, నొప్పికి ట్రమడాల్, రాత్రిపూట ఎమిట్రిప్టిలిన్, ఐరన్, కాల్షియం, ఇవన్నీ మోషన్ గట్టిపరుస్తాయి. నీ చీటీలో వీటిలో రెండో మూడో ఉండే ఉంటాయి. సొంతంగా ఆపకు, కానీ డాక్టరుకి ఈ కోణం నువ్వే గుర్తుచెయ్యాలి, యూరాలజీ వాళ్ళు యూరిన్ చూస్తారు, పేగు సంగతి అడగరు. మలాన్ని మెత్తపరచడానికి లాక్టులోజ్ సిరప్ గానీ, నీళ్ళలో కలుపుకునే పొడి గానీ ఇస్తారు. లాక్టులోజ్ పనిచెయ్యడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, గ్యాస్ ఎక్కువ, ఆఫీసు మొదలయ్యే వారంలో కొత్తగా మొదలుపెట్టకు. బిసాకొడిల్ నోటి బిళ్ళ అయితే ఆరు నుంచి పన్నెండు గంటలు, పాలతో వేసుకోకూడదు. ఇసబ్గోల్ కూడా మామూలువాళ్ళకి చేసినంత మేలు మనకి చెయ్యకపోవచ్చు, పేగు నెమ్మదిగా ఉన్నప్పుడు నీళ్ళు తక్కువైతే అదే బంకలా పట్టి అడ్డం పడుతుంది.

తిండి మామూలుగా తిను, మూడు పూటలా, వేళకి. ఆకుకూర రోజూ కాస్త, జామకాయ, ఇక్కడ దొరికే పూవన్ అరటిపండు రాత్రికి ఒకటి, రాగి సంకటో జావో వారానికి రెండు మూడుసార్లు. పీచు ఒక్కసారిగా పెంచితే పొట్ట ఉబ్బుతుంది, వారానికి ఒకటి చొప్పున చేర్చుకో. నీళ్ళు రోజుకి ఒకటిన్నర రెండు లీటర్లు, డాక్టరు వేరే లెక్క చెప్పి ఉంటే అదే. కెథీటర్, అదే యూరిన్ తీసుకునే గొట్టం, ఎక్కువసార్లు పెట్టుకోవాల్సి వస్తుందనే కదా నీళ్ళు మానింది? తెలుసు, నేనూ చేశాను. ఫలితం పది రోజులు ఆసుపత్రిలో, నూట మూడు జ్వరం. మజ్జిగ తాగితే మంచిదే, చలవ, కానీ రాత్రి పరోటా సేర్వా తిని పొద్దున మజ్జిగతో లెక్క సరిచేద్దామనుకోకు.

ఇక ఆఫీసు. ఎంత టైము పాటించినా ఏడాదిలో ఒకటి రెండుసార్లు జరుగుతుంది, అబద్ధం చెప్పను. పదేళ్ళ క్రితం మా బంధువుల ఇంట్లో బారసాల. పాపని తెచ్చి నా ఒళ్ళో పెట్టారు, వీల్‌చైర్ కదా, ఉయ్యాల కన్నా స్థిరం అని ఎవరో జోకేశారు. ముందు రోజు పెళ్ళి భోజనం, పొద్దున నా వేళ తప్పింది. ఐదు నిమిషాల్లో వాసన. నాకు అర్థమైపోయింది, ఒళ్ళంతా చల్లబడింది. అంతలో పాప నాయనమ్మ ముక్కు ఎగబీల్చి, "అయ్యో బంగారూ, మావయ్య ఒళ్ళో పని కానిచ్చేశావా" అంటూ పాపని ఎత్తుకుని లోపలికి పోయింది. నేను నోరు విప్పలేదు. ఆ సందులో కుర్చీ తిప్పుకుని బయటపడ్డాను. ఆ పిల్లకి ఇప్పుడు పదేళ్ళు, కనపడినప్పుడల్లా చాక్లెట్ కొనిస్తాను, ఎందుకో దానికి తెలియదు.

ఆఫీసులో పసిపిల్లలుండరు కాబట్టి సంచి ఉండాలి. ఒక ప్యాంటు, లోబట్టలు, నాలుగు జతల గ్లోవ్స్, తడి టిష్యూలు, గట్టిగా ముడివేయగల నల్ల కవర్లు రెండు, చిన్న టవలు. డైపర్ కట్టుకునే వెళ్తానంటే మొదటి నెల కట్టుకో, ధైర్యం కోసం, కానీ చెన్నై ఉక్కలో పది గంటలు డైపర్‌తో కూర్చుంటే చర్మం పోతుంది, మధ్యాహ్నం ఒకసారి విప్పి చూసుకో. ఆఫీసులో వీల్‌చైర్ పట్టే టాయిలెట్ ఏ అంతస్తులో ఉందో, లోపల కుర్చీ తిరిగేంత చోటుందో ముందే ఒకరోజు వెళ్ళి చూసిరా. "ఉంది సార్" అంటారు, వెళ్తే అందులో చీపుర్లూ బకెట్లూ పెట్టి తాళం వేసి ఉంటుంది. లేకపోతే అడుగు, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ప్రకటించాలి. హెచ్ఆర్‌కి మోషన్ కథంతా చెప్పనక్కర్లేదు, "వైద్య కారణాల వల్ల ఫలానా వేళ ముందు రాలేను, ఫలానా టాయిలెట్ కావాలి" అని మెయిల్ పెడితే సరిపోతుంది. టీమ్‌లో ఒక్కరికి మాత్రం నిజం చెప్పి ఉంచుకో. అవసరం పడకపోవచ్చు, కానీ చెప్పాక సగం టెన్షన్ తగ్గుతుంది. నెల రోజులే ఉందంటున్నావు కాబట్టి, గడ్డ సంగతి తేలిన మర్నాడే టైం టేబుల్ మొదలుపెట్టు. కుదురుకోకపోతే ఆఫీసుని ఇంకో రెండు వారాలు అడుగు, ఇస్తారు.

మెడ దగ్గరా, ఛాతీ పైభాగంలోనూ దెబ్బతిన్నవాళ్ళు, అంటే డి6, అంతకన్నా పైన ఉన్నవాళ్ళు, ఒకటి తప్పకుండా తెలుసుకోండి. పేగు నిండిపోయినా, ఈ వేలి పని చేస్తున్నప్పుడైనా ఉన్నట్టుండి బీపీ పెరిగిపోవచ్చు. తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడటం, దెబ్బ పైభాగంలో చెమటలు, రోమాలు నిక్కబొడుచుకోవడం. వెంటనే ఆపి, నిటారుగా కూర్చుని, బిగుతు బట్టలు వదులు చేసి, కెథీటర్ మడతపడిందేమో చూసి, తగ్గకపోతే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. తమ్ముడూ, నీది డి10 కాబట్టి నీకు ఆ భయం దాదాపు లేదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి అంటే, పీఎంఆర్ డాక్టర్లు, అంటే ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ చదివినవాళ్ళు. మామూలు గ్యాస్ట్రో డాక్టరుకి మన పేగు సంగతి అంతగా అలవాటుండదు. చెన్నైలో కె.కె. నగర్‌లో ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ ఉంది, కాస్త దూరమైనా వేలూరు సీఎంసీ ఉంది. వేలూరులో ఆ విభాగాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడ్డావిడే, వీల్‌చైర్‌లో కూర్చునే ఆపరేషన్లు చేసింది. ఆవిడకీ పొద్దున్నే ఈ పని తప్పి ఉండదు కదా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. వాళ్ళని అడిగితే నీళ్ళు ఎక్కించి పేగు కడిగే పరికరాల గురించి కూడా చెప్తారు, ఖరీదు ఎక్కువ, నేర్చుకోకుండా సొంతంగా మొదలుపెట్టేది కాదు. ఏ పద్ధతీ కుదరక, మలం బయటికి రావడానికి ఆపరేషన్‌తో పొట్టమీద దారి పెట్టించుకుని హాయిగా ఉన్నవాళ్ళూ నాకు తెలుసు. నీకు అంతదూరం అక్కర్లేదనే అనుకుంటున్నాను.

సంక్రాంతికి వెళ్ళు. చెన్నై నుంచి నెల్లూరు ఎంతసేపు, రైల్లో మూడు గంటల పని. పొద్దున నీ వేళకి పని ముగించుకుని, తిని, ఆ తరవాతే బయలుదేరు, రైలు కోసం వేళ మార్చొద్దు. ఊళ్ళో భోగి రోజున అందరూ మూడింటికే లేస్తారు, గొడవ, చుట్టాలు, బాత్రూము దగ్గర వరస. ముందే అమ్మకి చెప్పి నీకో గది మాట్లాడుకో, బాత్రూముతో పని లేకుండా. అరిసెలూ గారెలూ తిను, మూడో రోజు కూడా అదే తింటే నోట్‌బుక్‌లో ఒకటో బొమ్మ వస్తుంది, అప్పుడు నన్ను తిట్టకు. ఇండియన్ టాయిలెట్ గురించి దిగులు వద్దు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో కన్నం కోయించి దానిమీద మందపాటి ఫోమ్ కట్టి వాడుకునేవాళ్ళున్నారు, కానీ ఆ కుర్చీ కాళ్ళు జారతాయి, మడత కమోడ్ చైర్ వెంట తీసుకెళ్ళడమే మేలు. దాని కింద బకెట్ పెట్టేముందు అడుగున ఒక చెంబు నీళ్ళు పోసి పెట్టు, తరవాత కడుక్కోవడం సులువవుతుంది.